వంతు మారినప్పుడల్లా ఒక మాత్ర

కార్తీకమాసం, రెండో సోమవారం. పొద్దున పదకొండున్నర దాటింది. పెద్దకొడుకు ఒక రెక్క, కోడలు ఒక రెక్క పట్టుకుని ఆవిడని లోపలికి తీసుకొచ్చారు. వయసు 74. నుదుటి మీద కుడివైపు ఉసిరికాయంత బొప్పి. జుట్టు ముడి ఇంకా తడిగానే ఉంది. తెల్లవారుజామున తలస్నానం చేసి, తులసికోట దగ్గర దీపం పెట్టబోయి పడిపోయారట.

"వారం నుంచి ఇదే వరస సార్," అన్నాడు కొడుకు. "రాత్రిళ్లు లేచి గడియ తీస్తోంది. పోయి ఆరేళ్లయిన మా నాన్నకి అన్నం పెట్టారా అని అడుగుతోంది. మొన్న బాత్రూమ్ దగ్గర పడింది, ఇవాళ రెండోసారి. అందరూ మతిమరుపు జబ్బంటున్నారు. వయసైపోయింది కదా. ఎమ్మారై తీయించమంటారా?"

వయసైపోయింది కదా అన్న మాట నేను రోజుకి పదిసార్లు వింటాను. నేనూ అంటుంటాను, దాచడమెందుకు. ఆ మాట అనేశాక ఇక ఎవరూ ఏమీ అడగరు. ఈవిడ కేసులో అడగాల్సినవి చాలా ఉన్నాయి. సగం జవాబులు ఆవిడ ఒంట్లో కాదు, రెండు ఇళ్ల మధ్య దొరికాయి. అందుకే రాస్తున్నాను.

రాయడానికి ఆవిడా, ఇద్దరు కొడుకులూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. పేరు రాయను. క్లినిక్‌లో పిలిచినట్టే పెద్దమ్మ అంటాను. మా క్లినిక్ తెనాలిలో, ఆవిడది పక్కనే పల్లెటూరు. చిన్నకొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. ఆవిడ వంతులవారీగా ఇద్దరి దగ్గరా ఉంటూ వచ్చారు.

ముందు షుగర్ చూశాం. 52. ఒళ్లంతా చల్లటి చెమట. సూది మందుగా గ్లూకోజ్ ఇచ్చిన పది నిమిషాలకి కళ్లు నిలిపి చూశారు, చెమట ఆరింది. మాట మాత్రం కుదుటపడలేదు. నన్ను పట్టుకుని "మీరు కరెంటు బిల్లు వాళ్లా?" అన్నారు. షుగర్ ఎక్కాక కూడా ఇలా ఉన్నారంటే వెనక ఇంకేదో ఉందని అర్థం.

పడుకోబెట్టి చూస్తే బీపీ 142/80. లేపి నిలబెట్టి, ఒక నిమిషం ఆగి చూస్తే 108/64. లేచినప్పుడల్లా తల తిరిగి పడుతున్నది ఇందుకే. బరువు 43 కిలోలు. ఏడాదిన్నర కిందట మా దగ్గర రాసుకున్నది 49. రక్తం పంపాం. సోడియం 118 వచ్చింది, 135 దాటి ఉండాల్సింది. పొటాషియం కూడా తక్కువే. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4, హిమోగ్లోబిన్ 9.6, మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1.

ఆ 6.1 చూసి కొడుకు సంతోషపడ్డాడు, "షుగర్ బాగా కంట్రోల్‌లో ఉందన్నమాట!" అని. నలభై ఏళ్ల మనిషికైతే నేనూ సంతోషించేవాణ్ని. ఇన్ని జబ్బులున్న పెద్దవాళ్లకి 8 లోపు ఉంటే చాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలే చెబుతాయి. 74 ఏళ్ల మనిషి మందు వేసుకుంటూ, రక్తహీనతతో, ఆరు కిలోలు తగ్గి 6.1లో ఉందంటే, ఎన్నిసార్లు 60 లోపుకి జారిందో ఎవరూ చూడలేదన్నమాట.

రెండుసార్లు పడ్డారు, పైగా ఆస్పిరిన్ వాడుతున్నారు. తల లోపల రక్తం గడ్డకట్టి ఉంటుందేమోనని మామూలు సీటీ స్కాన్ తీయించాను. ఈ వయసుకి మెదడు కొంచెం కుంచించుకుపోవడం తప్ప ఏమీ లేదు. ఎమ్మారై అక్కర్లేదన్నాను. నేను ఖర్చుకి వెనకాడుతున్నాననుకున్నట్టున్నాడు కొడుకు. "ఎంతైనా ఫరవాలేదు సార్" అని రెండుసార్లు అన్నాడు.

మతిమరుపు జబ్బు నెలల మీద, ఏళ్ల మీద మెల్లగా వస్తుంది. పది రోజుల కిందట బాగున్న మనిషి ఇవాళ ఇలా మాట్లాడుతున్నదంటే, అదీ పొద్దున ఒకలా, రాత్రికి ఒకలా ఉంటే, అది డెలీరియం. మన పాతవాళ్లు సంధి అనేవారు. సంధి పుట్టిందంటే ఒంట్లో ఏదో తగలబడుతోందని వాళ్లకి తెలుసు. కారణం దొరికితే చాలావరకు తగ్గుతుంది.

ఇక మందుల సంగతి. ఏమేం వాడుతున్నారని అడిగితే కోడలు బట్టల షాపు కవరు ఒకటి తీసి టేబుల్ మీద బోర్లించింది. సగం చింపిన స్ట్రిప్పులు, రబ్బరు బ్యాండ్లు వేసిన కట్టలు, మూత పోయిన డబ్బా ఒకటి, మడతల దగ్గర చిరిగిపోయిన చీటీలు నాలుగు. అడుగున ఒక తమలపాకు ఎండిపోయి ఉంది. నర్సమ్మ, నేను కూర్చుని వరసగా పేర్చాం. పదకొండు రకాలు. రోజుకి 14 మాత్రలు.

రెండు స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టాను. ఒకటి నీలం, ఇంకొకటి గులాబీ. కంపెనీలు వేరు, పేర్లు వేరు. చిన్నక్షరాల్లో ఉన్నది చదివితే రెండూ గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందులు కలిపినవే. ఒకటి హైదరాబాద్ డాక్టరు రాసింది, రెండోది ఇక్కడ ఇంకో డాక్టరు రాసింది. రెండూ పూటకొకటి చొప్పున వేసుకుంటున్నారు. బీపీ మాత్రలూ అంతే. ఒకదాంట్లో టెల్మిసార్టాన్‌తో క్లోర్‌థాలిడోన్, ఇంకోదాంట్లో టెల్మిసార్టాన్‌తోనే హైడ్రోక్లోరోథయజైడ్. రెండు నీటి మాత్రలు, అంటే ఒంట్లో ఉప్పుని, నీటిని మూత్రంలోకి తోడేసేవి. సోడియం 118కి ఎందుకు పడిందో ఇక వెతుక్కోనక్కర్లేదు.

నాలుగో చీటీ విప్పితే పైన మా క్లినిక్ పేరు ఉంది. చేతిరాత నాదే.

ఏడాదిన్నర కిందట అరికాళ్ల మంటలని వస్తే రాత్రికి అమిట్రిప్టిలిన్ 10 రాసి, కింద "30 రోజులు, మళ్లీ రావాలి" అని పెట్టాను. వంతు మారి హైదరాబాద్ వెళ్లిపోవడంతో ఆవిడ రాలేదు. మందుల షాపులో ఆ చీటీ మీదే నెలనెలా ఇస్తూ వచ్చారు. పెద్దవాళ్లకి ఏ మందులు ఇవ్వకపోతే మంచిదో 1991లో అమెరికాలో మార్క్ బీర్స్ అనే వైద్యుడు ఒక జాబితా మొదలుపెట్టాడు. అక్కడి వృద్ధుల వైద్యనిపుణుల సంఘం ఇప్పటికీ దాన్ని సవరిస్తూ ఉంటుంది, 2023లోనూ సవరించింది. అమిట్రిప్టిలిన్ అందులో ఉంది. నిలబడితే బీపీ పడుతుంది, నోరెండిపోతుంది, మతి మసకబారుతుంది. చిన్న డోసే కదా, నెల రోజులే కదా అనుకుని రాశాను. ఆవిడ వంతుల మీద తిరిగే మనిషని అడగనూ లేదు, రాసుకోనూ లేదు. మేం చదివే రోజుల్లో పిల్లల వైద్యానికి వేరే వార్డు ఉండేది. ముసలివాళ్లని మాత్రం తల నెరిసిన మామూలు పెద్దలుగానే చూడడం నేర్పారు. అదీ ఒక సాకేలెండి.

నర్సింగ్‌హోమ్‌లో చేర్చాం. నీటి మాత్రలు రెండూ, షుగర్ మాత్రలన్నీ, ఆస్పిరిన్, అమిట్రిప్టిలిన్, మోకాళ్ల నొప్పులకని షాపులో ఇచ్చిన ట్రమడాల్ ఆపేశాం. నిద్రమాత్ర క్లోనజెపామ్ మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. దాన్ని నాలుగు వారాల్లో తగ్గించుకుంటూ వచ్చాం. గ్లిమెపిరైడ్ ఒంట్లోంచి ఓ పట్టాన పోదు, కిడ్నీ మందగించినవాళ్లలో మరీనూ. ఒకసారి గ్లూకోజ్ ఎక్కించి ఇంటికి పంపేస్తే రాత్రికి మళ్లీ పడిపోతుంది. అందుకని రెండు రోజులు గంటలు లెక్కపెట్టి వేలు గుచ్చుతూనే ఉన్నాం. సోడియం పెంచడంలో తొందర పనికిరాదు. 24 గంటల్లో 8 పాయింట్లకి మించి పెరిగితే మెదడుకే ప్రమాదం. "ఇంకా 124 ఏంటి సార్, త్వరగా పెంచండి" అని చిన్నకొడుకు ఫోన్‌లో టెన్షన్ పడుతుంటే, పొంగే పాల కింద మంట తగ్గించినట్టు మెల్లగా చేయాల్సిన పని ఇది అని చెప్పాల్సి వచ్చింది. నాలుగో రోజుకి 132.

మూడో రోజు సాయంత్రం రౌండ్స్‌కి వెళ్తే పెద్దమ్మ కూర్చుని ఉన్నారు. నన్ను చూసి మొదట అడిగిన మాట, "బాబూ, క్షీరాబ్ది ద్వాదశి అయిపోయిందా?"

నిన్ననే అయిపోయిందమ్మా అన్నాను. "అయ్యో, ఉసిరికొమ్మ పెట్టలేదు" అని చెయ్యి నుదుటికి కొట్టుకోబోయి, బొప్పి తగిలి ఆగిపోయారు. ఆ ఒక్క మాటతో మతిమరుపు జబ్బు సంగతి నా మటుకు నాకు సగం తేలిపోయింది. మర్నాడు పరీక్ష పెట్టాను. ఇంగ్లిషు తేదీ చెప్పలేకపోయారు. తిథి, వారం చెప్పారు. నెలలు వెనక్కి చెప్పమంటే "ఏ నెలలు? మన నెలలేగా?" అని ఫాల్గుణం, మాఘం, పుష్యం, మార్గశిరం అంటూ చైత్రం దాకా తడబడకుండా వచ్చేశారు. అయిదో తరగతి చదివిన పల్లెటూరి మనిషిని ఇవాళ తారీఖెంత, ఇది ఏ అంతస్తు అని అడిగి, మార్కులు తక్కువొచ్చాయని జబ్బు పేరు రాసేవాళ్లని చూశాను. ప్రశ్న ఆవిడ లోకంలోంచి రావాలి.

ఇంకో సంగతి. కొన్ని ప్రశ్నలకి పొంతన లేని జవాబులొచ్చింది మతి లేక కాదు, వినపడక. రెండు చెవుల్లోనూ గులిమి రాయిలా గట్టిపడి ఉంది. చుక్కలు వేసి అయిదు రోజులకి తీయించాం. "ఫ్యాను ఇంత చప్పుడు చేస్తుందా?" అన్నారు.

ఇక వంతుల సంగతి.

పెద్దాయన పోయిన ఏడాదికే అన్నదమ్ములు కూర్చుని మాట్లాడుకున్నారు. రెండున్నర ఎకరాలు చెరి సగం. అమ్మ మూడు నెలలు ఇక్కడ, మూడు నెలలు అక్కడ. మన ఇళ్లల్లో ఇది కొత్తేమీ కాదు, నా పేషెంట్లలో ఎంతోమంది ఇలా తిరుగుతుంటారు. ఇందులో కొడుకుల చెడ్డతనమేమీ లేదు. ఇద్దరూ పట్టించుకునేవాళ్లే. పట్టించుకోవడం వల్లే కవరు నిండింది. హైదరాబాద్ వెళ్లగానే చిన్నకొడుకు మంచి డాక్టరని ఒకాయనకి చూపిస్తాడు, ఆయన ఒక చీటీ రాస్తాడు. ఇక్కడికి రాగానే పెద్దకొడుకు మళ్లీ చూపిస్తాడు, ఇంకో చీటీ. అక్కడి రిపోర్టులు అక్కడి బీరువాలో ఉంటాయి. ఏ డాక్టరూ రెండో డాక్టరు రాసింది చూడలేదు, పాత మందు ఆపమని ఎవరూ చెప్పలేదు. పెద్దమ్మకి చదువు తక్కువ. స్ట్రిప్పు రంగుని బట్టి గుర్తుపడతారు. నీలం వేరు, గులాబీ వేరు కాబట్టి రెండూ వేసుకున్నారు. ఇద్దరు కొడుకుల మందూ వేసుకుంటే ఇద్దరి మాటా విన్నట్టేనని కూడా అనుకున్నారట. ఈ సంగతి ఆవిడే తర్వాత నవ్వుతూ చెప్పారు.

తిండి సంగతి హైదరాబాద్‌లో చెడింది. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగాలు, ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. ఆవిడకి ఏడింటికి మాత్రలు వేసుకునే అలవాటు. వేసుకుని టీవీ ముందు కూర్చుంటే పదింటికి అన్నం. అప్పటికి ఆకలి చచ్చిపోయి గ్లాసుడు మజ్జిగ తాగి పడుకుంటారు. కట్టుడు పళ్లు వదులై ముద్ద నమలలేరు. మాంసం ముందు నుంచీ లేదు, పప్పు గ్యాసని మానేశారు. బీపీ ఉందని ఎవరో చెబితే ఉప్పు మానేశారు, ఆవకాయ మానేశారు. ఉప్పు తోడేసే మాత్రలు రెండు వేసుకుంటూ చప్పిడి కూడు తినడం! దాని మీద కార్తీక సోమవారం. నక్షత్రం చూసేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టరు, మాత్ర మాత్రం మానరు, డాక్టరు తప్పకూడదన్నారు కాబట్టి. దీపావళి మర్నాడు ఊరికి దింపి వెళ్లారు. పదో రోజుకి తులసికోట దగ్గర పడ్డారు.

నర్సింగ్‌హోమ్ బిల్లు 31,000 అయింది. గొడవ అక్కడ మొదలైంది. పడింది పెద్దకొడుకు వంతులో, కాబట్టి బిల్లు ఆయనది. జబ్బు ముదిరింది చిన్నకొడుకు వంతులో, కాబట్టి బిల్లు ఆయనది. నా గదిలో స్పీకర్ ఆన్ చేసి అన్నదమ్ములు ఇదే వాదించుకున్నారు. పక్క గదిలో చెవి గులిమి తీయించుకున్న పెద్దమ్మ మంచం మీద ఉన్నారు. వినపడే ఉంటుంది. బయటికొచ్చేటప్పుడు తన మెడలో గొలుసు చూపించి "దీన్ని పెట్టండి బాబూ" అన్నారు. అక్కర్లేకుండా పోయింది, చెరి సగం కట్టుకున్నారు.

డెబ్బై దాటినవాళ్లకి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది కదా, ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు భరిస్తుంది కదా, అని కొందరు చదువరులు అడగొచ్చు. నేను చేర్చిన నర్సింగ్‌హోమ్ ఆ జాబితాలో లేదు. ఉన్నా ఆ కార్డు ఆస్పత్రిలో మంచం ఎక్కితేనే పనిచేస్తుంది. నెలనెలా మందులకి, కట్టుడు పళ్లకి, చెవి మిషన్‌కి అక్కరకు రాదు. ముసలితనంలో డబ్బు కారిపోయేది మాత్రం ఎక్కువగా ఆ చిల్లుల్లోంచే.

పెద్దమ్మ సొంత రాబడి పెన్షన్ ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో అది 2024 జూలై నుంచి నెలకి 4,000 వస్తోంది. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇస్తారు. మనిషి ఊళ్లో లేకపోతే రెండు నెలల బాకీ మూడో నెలలో కలిపి ఇస్తారు. వరసగా మూడు నెలలు తీసుకోకపోతే ఆగిపోతుంది. వంతు కూడా మూడు నెలలే. అందుకని హైదరాబాద్ వంతు మధ్యలో ఒకసారి ఆవిడని రైలెక్కించి, తెనాలిలో దింపుకుని, పెన్షన్ ఇప్పించి, మళ్లీ పంపేవారు. రైలు టాయిలెట్‌కి వెళ్లలేక ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేసేవారట. ఇంత కష్టపడి తెచ్చుకున్న నాలుగు వేలు ఎక్కడికి పోతున్నాయంటే, ఆ కవరులోకే. పదకొండు రకాలకి నెలకి దాదాపు 3,600. అందులో సగం ఆవిడకి హాని చేసేవి.

డిశ్చార్జి రోజు పెద్దకొడుకు కొంచెం మొహమాటపడుతూ ఒక కాగితం అడిగాడు. అమ్మ మతి సరిగానే ఉందని సర్టిఫికెట్. ఇల్లు ఆయన పేరున సెటిల్‌మెంట్ దస్తావేజు రాయించాలట. బ్యాంకులో ఉన్న మూడు లక్షలు తమ్ముడికట. అన్నదమ్ములు ఒప్పుకున్నదే, మోసమేమీ లేదు. కానీ కొద్ది రోజుల కిందట నన్ను కరెంటు బిల్లు వాడనుకున్న మనిషికి ఇవాళ ఆ కాగితం ఇవ్వనన్నాను. డెలీరియం తగ్గినట్టే ఉండి మళ్లీ తొంగి చూస్తుంది. ఆరు వారాలాగి, మళ్లీ పరీక్షించి, ఆవిడతో విడిగా మాట్లాడాకే ఇస్తానన్నాను. ఆయన మొహం మాడిపోయింది. ఇక నా దగ్గరికి రారేమో అనుకున్నాను.

వచ్చారు. కొడుకుని టీ తాగి రమ్మని పంపి, తలుపు వేసి పెద్దమ్మని అడిగాను, ఇల్లు రాసివ్వడం మీకు ఇష్టమేనా అని. చాలాసేపు కొంగు అంచు మడతపెట్టి విప్పారు. "పిల్లలకి కాక ఎవరికిస్తాను బాబూ. కానీ ఆ ఇల్లు నా పేరున ఉన్నన్నాళ్లూ నేను ఇంటికొచ్చానంటారు. తర్వాత చుట్టపుచూపుగా వచ్చిందంటారు."

నేను లాయర్ని కాను. తెలిసినంత చెప్పాను. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, చూసుకోకపోతే ఆర్డీఓ దగ్గరున్న ట్రిబ్యునల్‌కి వెళ్లి ఆ రాతని రద్దు చేయించుకోవచ్చు. అయితే షరతు ఉందని చూపించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో ఈ చట్టాన్ని పెద్దల పక్షాన ఉదారంగా చూడాలంది. ఏదైనా, షరతు దస్తావేజులోనే రాసుకోవడం మేలు. వీలునామా అయితే బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. ఆవిడ వీలునామాకే మొగ్గారు. సర్టిఫికెట్ అప్పుడిచ్చాను, ఆనందంగా. పెద్దకొడుకు రెండు వారాలు ముభావంగా ఉన్నాడని కోడలు చెప్పింది.

ఆ కోడలి గురించి రాయకపోతే ఈ కేసు సగమే. రాత్రి లేపి బాత్రూమ్‌కి తీసుకెళ్లేదీ, తడిసిన చీర మార్చేదీ, షుగర్ చూసేదీ ఆవిడ. వంతులు ఆపేసి అత్తగారిని ఒకేచోట ఉంచితే మంచిదని నేను చెబుతుంటే వింటూ నిలబడింది. తర్వాత ఒక్క మాటంది, "మూడు నెలలు చేస్తే మూడు నెలలు ఊపిరి తీసుకుంటున్నాం సార్. అదీ తీసేస్తే?" నా దగ్గర జవాబు లేదు. ఒక్కచోట ఉంటే మంచిదని డాక్టరు తేలిగ్గా చెప్పేస్తాడు. ఆ మంచి ఎవరి నడుం మీద నిలబడుతుందో ఆలోచించడు.

చివరికి కుదిరింది ఇది. పెద్దమ్మ ఊళ్లోనే ఉంటారు. వంతు డబ్బు రూపంలో, పని రూపంలో చిన్నకొడుకు మోస్తాడు. పొద్దున రెండు గంటలు స్నానం చేయించడానికి ఊళ్లో ఒకామె వస్తుంది, నెలకి 3,000, అది ఆయన పంపుతాడు. సంక్రాంతి వెళ్లాక ఒక నెల, వేసవిలో ఒక నెల పెద్దమ్మ హైదరాబాద్ వెళతారు. ఆ రెండు నెలలు పెద్దకోడలివి. బాపట్లలో ఉన్న కూతురు నెలకోసారి వచ్చి రెండు రోజులుంటుంది. ఆడపిల్ల, ఆస్తిలో వాటా లేదు కాబట్టి వంతులోనూ లేదని ఇన్నాళ్లూ ఆమెని ఎవరూ పిలవలేదు. పిలవకపోయేసరికి ఆమే బాధపడింది.

మందులు నాలుగుకి దిగాయి. మెట్‌ఫార్మిన్ 500 ఒకటి, నీటి మాత్ర కలవని టెల్మిసార్టాన్ (క్రియాటినిన్ 1.1కి దిగాకే మొదలుపెట్టాను), కొలెస్ట్రాల్ మాత్ర, బీ12. ఆ విటమిన్ మరీ తక్కువగా ఉంది, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో ఇది మామూలే. అరికాళ్ల మంటకి అసలు కారణం అదే అయి ఉండొచ్చు. నేను ఏడాదిన్నర కిందట ఆ పరీక్ష రాసి ఉంటే అమిట్రిప్టిలిన్ అవసరమే పడేది కాదేమో. మోకాళ్లకి పారాసెటమాల్. జన ఔషధి షాపులో అన్నీ కలిపి నెలకి 500 లోపు. ఉప్పు మామూలుగా వేసుకోమన్నాను. రోజుకో ఆవకాయ బద్ద అడిగారు, ఒప్పుకున్నాను. రాత్రి అన్నం ఏడున్నరకి, మెత్తగా, పెసరపప్పుతో. మంచం పక్కన చిన్న బల్బు, బాత్రూమ్ గోడకి పట్టుకునే కడ్డీ. ఒక లాంగ్ నోట్‌బుక్ కొనిపించి మొదటి పేజీలో నాలుగు మందులూ పెద్దక్షరాల్లో రాసి, పక్కన ఖాళీ స్ట్రిప్పు ముక్క అంటించాం. కింద, ఈ పుస్తకం చూడకుండా కొత్త మందు రాయవద్దని నా ఫోన్ నంబరుతో సహా రాశాను.

మూడు నెలలు బాగానే నడిచింది. ఫిబ్రవరిలో హైదరాబాద్ వెళ్లినప్పుడు చిన్నకొడుకు ప్రేమకొద్దీ ఫుల్ బాడీ చెకప్ చేయించాడు. నోట్‌బుక్ సూట్‌కేసులో అడుగున ఉండిపోయింది. అక్కడ హెచ్‌బీఏ1సీ 7.4 చూసి "కొంచెం ఎక్కువుంది" అని ఒక మాత్ర, పడుకోగానే నిద్ర రావట్లేదంటే ఒక మాత్ర రాశారు. పెద్దమ్మ వేసుకోలేదు. రంగు వేరుగా ఉంది, పుస్తకంలో అంటించినవాటిలో లేదు అన్నారట. పెద్దకోడలికి ఫోన్ చేశారు. కోడలు నాకు ఫోన్ చేసి, స్ట్రిప్పు మీది పేరుని చిన్నకోడలు అక్షరం అక్షరం చదువుతుంటే నాకు అప్పజెప్పింది. మళ్లీ గ్లిమెపిరైడే, ఈసారి ఆకుపచ్చ.

మొన్న ఆషాఢంలో చూపించుకోవడానికి వచ్చారు. బరువు 47.5. సోడియం 137. నిలబడితే బీపీ పది పాయింట్లే తగ్గుతోంది. వినికిడి పరీక్షలో కుడి చెవి బాగా మందగించిందని తేలింది. మిషన్ కొనడానికి మాత్రం ఒప్పుకోవడం లేదు, "ఎడమ చెవి ఉందిగా" అంటున్నారు. పళ్ల సెట్టు ఇంకా మార్పించలేదు. లేవబోతూ ఆగి అడిగారు.

"కార్తీక సోమవారాలు ఈసారి ఉండొచ్చా బాబూ?"

పాలు, పండు తీసుకుని ఉండండి, ఆ రోజు షుగర్ మాత్ర మానేయండి అన్నాను.

"పాలు తాగితే ఉపవాసం ఏమిటి నాయనా," అని కోడలి వైపు చూశారు. కోడలు నా వైపు చూసింది. కార్తీకానికి ఇంకా మూడు నెలలు పైనే ఉంది, అప్పటికి చూద్దామన్నాను.